మత్తయ్య మామ డౌట్లు

మత్తయ్య మామకు డౌటు వస్తే ఆపుకోలేడు. కొందరికి తుమ్ము ఆగదు, కొందరికి ఎక్కిళ్లు ఆగవు, ఆయనకు ప్రశ్న ఆగదు. పెళ్లి కానీ చావు కానీ, కలెక్టరు ముందు కానీ కంటి డాక్టరు ముందు కానీ, ఆయన కుడిచెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. లేచాక "తెల్వక అడుగుత..." అని మొదలుపెడతాడు. ఆ మాట చెవిన పడగానే మా అత్త ప్రేమావతి కొంగుతో సగం ముఖం కప్పుకొని, ఈ మనిషెవరో తనకు తెలియనట్టు పక్కకు తిరుగుతుంది. ఇన్నేళ్లూ అలా తిరిగీ తిరిగీ ఆమె మెడ అటువైపే వాలిపోయిందని మా చుట్టాలు అంటారు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. శంషాబాద్‌లో టెంట్ హౌజ్ నడుపుతాడు. చుట్టుపక్కల ఎవరింట్లో ఏ కార్యమైనా షామియానా, కుర్చీలు, వంటగిన్నెలు ఈయనవే. సామాను వెంట ఆయన కూడా వెళ్తాడు. ఆయన వెంట డౌట్లు వెళ్తాయి.

ఒకసారి సాతంరాయిలో పెళ్లి. చర్చిలో పాస్టరుగారు పుస్తకం చేతబట్టి, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పవలెను" అన్నారు. అలా అడగడం ఆనవాయితీ. ఎవరూ ఏమీ అనకపోవడం కూడా ఆనవాయితీయే. మత్తయ్య మామ చెయ్యి లేచింది.

పెళ్లికొడుకు తల్లి గుండె పట్టుకొని కూర్చుండిపోయింది. పెళ్లికూతురు తండ్రి, "ఓర్నీ, కుర్చీల కిరాయి ముందే ఇచ్చిన గదనే!" అన్నాడు గట్టిగానే.

"అభ్యంతరమా మత్తయ్యా?" అన్నారు పాస్టరుగారు పుస్తకం కిందికి దించి.

"కాదయ్యగారూ. తెల్వక అడుగుత. ఈడ రాసిచ్చే కాయితం పాస్‌పోర్టుకు పనికొస్తదా, ఆఫీసుకు వొయ్యి మళ్ల రాపియ్యాల్నా?"

"ప్రార్థన అయ్యాక చెప్తాను. కూర్చో నాయనా, నీకు పుణ్యముంటుంది."

ప్రార్థన అయ్యాక పాస్టరుగారి దగ్గర మామ నిలబడ్డాడు. ఆయన వెనకాల ఇంకో నాలుగైదు జంటలు కూడా నిలబడ్డాయి. కేకు పంచుతున్నారేమో అనుకున్నాను.

ఇంకోసారి చుట్టాల పెళ్లికి చెన్నై వెళ్లాల్సివచ్చి, నేనే ఆయన్ను మొదటిసారి విమానం ఎక్కించాను. కిటికీ పక్కన ఎవరో ముసలామె, మధ్యలో మామ, ఇటు నేను. నేను ఎయిర్‌పోర్టులో పనిచేసే మనిషిని. నాకు తెలిసినవాళ్లు ముందు వరసలోనూ ఉన్నారు, వెనక వరసలోనూ ఉన్నారు. ఎయిర్ హోస్టెస్ బెల్టు పెట్టుకోవడం, నీళ్లలో పడితే లైఫ్ జాకెట్టు వేసుకోవడం చూపిస్తోంది. చెయ్యి లేచింది.

"తెల్వక అడుగుత తల్లీ, చెన్నై దాక కింద అంత నేలే గదా. నీళ్లల్ల ఎట్ల పడతం?"

ఆ అమ్మాయి పళ్లబిగువున నవ్వు ఆపుకుంది. "రూల్ సార్, చూపించాలి."

"సరే గని, ఆ బెల్టు జర మళ్ల సూపి. పెట్టుడు సమజైంది, విప్పుడు సమజైతలేదు."

ఆమె వంగి, ఆయన బెల్టే పట్టుకొని రెండుసార్లు పెట్టి విప్పి చూపించింది. నేను నా ముఖాన్ని దుపట్టాలో దాచుకున్నాను. మా అత్త ఆ రోజు రాలేదు కానీ, ఆమె మెడ ఎటు తిరుగుతుందో నా మెడా అటే తిరిగింది.

నా పేరు జూలీ. మామకు ప్రశ్న ఆగకపోతే, నాకు బయటికి రాదు. గొంతు దాకా వచ్చి మళ్లీ కిందికి దిగిపోతుంది. మా నాన్న గొంతు చాలా పెద్దది. ఆ ఇంట్లో ఏది అడిగినా జవాబు అరుపే. అమ్మ పోయాక మామ నన్ను తన ఇంటికి తెచ్చుకున్నాడు. అరుపులు మాత్రం నా వెంటే వచ్చాయి.

చదువయ్యాక హోటల్ రిసెప్షన్‌లో చేరాను. మేనేజరు ఒకరోజు గొంతు పెంచాడు. మర్నాడు రాజీనామా ఇచ్చాను. తరువాత ఎయిర్‌పోర్టు లాంజ్‌లో. అక్కడ ఒక పెద్దాయన కాఫీ చల్లగా ఉందని అరిచాడు. మర్నాడు రాజీనామా. ఆ తరువాత టికెట్ల ఆఫీసులోనూ అంతే. నా అనుభవం చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు, "ఇన్నిచోట్ల ఎందుకు మానేశారు?" అని అడిగేవారు. "పర్సనల్" అనేదాన్ని. అది మాత్రం అబద్ధం కాదు.

మామ ఊరుకుంటాడా? "తెల్వక అడుగుత బిడ్డా, కోపం వచ్చింది వానికి. నౌకరి నీదెందుకు వోవాలె?"

నేను పేపర్లో ఉద్యోగాల పేజీ తిప్పాను.

చివరికి కార్గో ఆఫీసులో చేరాను. ఆ పని నాకు నిజంగా నచ్చింది. ఎక్కడెక్కడికో వెళ్లే మామిడిపండ్లు, మందులు, పూలు, అన్నీ నా కళ్ల ముందు నుంచే వెళ్తాయి. అక్కడ మా పైఅధికారి ఫణి సార్. భీమవరం మనిషి. చెడ్డవాడు కాదు. ఏళ్లతరబడి విమానాల పక్కన నిలబడి మాట్లాడటం వల్ల "టీ తాగావా అమ్మా" అన్నా సరిహద్దు అవతలికి వినిపించేలా అంటాడు. ఒకరోజు ఒక పెట్టె మీద తప్పు చీటీ అంటించానని అరిచాడు. నేను వెళ్లి కూర్చుని రాజీనామా టైపు చేశాను. పంపబోయి ఆగాను. ఈ ఉద్యోగం వదలాలని లేదు. ఉండాలంటే భయం. మొదటిసారి రెండూ ఒకేసారి వచ్చాయి. పంపలేదు.

తోటి ఉద్యోగి ఒకామె వేదవతిగారి పేరు చెప్పింది. ఆరాంఘర్ దగ్గర కళ్లజోళ్ల షాపు మీద ఆమె క్లినిక్. సైకాలజిస్టు. కాకినాడ వైపు మనిషి, మెల్లగా, మర్యాదగా మాట్లాడుతుంది. కొన్నిసార్లు వెళ్లాను. నా కథంతా విన్నాక ఆమె చెప్పింది.

"మీకు రెండు దారులున్నాయండి. అప్పుడప్పుడూ వచ్చి, ఎవరైనా అరిచినప్పుడు తట్టుకోవడం ఎలాగో నేర్చుకోవడం ఒకటి. దాంతో చాలామందికి సరిపోతుంది. రెండోది, ఆ అరుపు మీలో ఎక్కడికి వెళ్లి తగులుతోందో నిదానంగా చూడటం. ఇంటెన్సివ్ సైకోథెరపీ అంటాం. మీరూ నేనూ ఇద్దరమే, వారానికి మూడు రోజులు, చాలాకాలం. తొందరేం లేదు. ఆలోచించుకోండి. ఏవైనా సందేహాలున్నాయా?"

"లేవండీ" అన్నాను.

మెట్లు దిగుతుంటే మెట్టుకొక సందేహం. వారానికి మూడు రోజులా? నాకంత పిచ్చి పట్టిందా? మాట్లాడటానికి ఏమీ లేకపోతే? మధ్యలో మానేస్తే ఈమె కూడా అరుస్తుందా?

ఇంటికొచ్చి అన్నం తింటూ చెప్పాను. అంతే, ప్రశ్నలు మొదలు.

"చాలాకాలమంటే ఎంత?"

"అడగలేదు మామా."

"మందులిస్తరా?"

"అడగలేదు."

"నయమైతదా?"

"అడగలేదు."

మామ ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "తెల్వక అడుగుత బిడ్డా. మరి ఆడ కూసోని ఏం జేసినవ్?"

"సందేహాలు లేవని చెప్పిన."

నవ్వు ఆపుకోలేక అత్తకు పొలమారింది. మామ మాత్రం నవ్వలేదు. "ఇగ నన్ను తోల్కపో" అన్నాడు.

నేను అదిరిపడ్డాను. పాస్టరుగారు కళ్ల ముందు కనిపించారు. విమానం కనిపించింది. "అద్దు మామా, ఆమె మస్తు చదువుకున్నామె."

"మంచిదే గదనే. చదువుకున్నోళ్లనే అడగాలె. నాకేం తెలుసని నన్ను అడుగుతరు?"

"పోనియ్ బిడ్డా" అంది అత్త. "తోల్కపోకుంటే ఆటో ఏస్కోని ఒక్కడే పోతడు. అప్పుడు నీ కంట్రోల్ల కూడ ఉండడు."

వేదవతిగారికి ఫోన్ చేసి, మా మామ వస్తానంటున్నాడని చెప్పాను. మీకు ఇష్టమైతే రమ్మనండి, ఒక్కసారికి పరవాలేదు అంది. ఇష్టమా అంటే ఏం చెప్పను? సరే అన్నాను. తొండుపల్లిలో విందుకు దించాల్సిన సామాను ట్రాలీ ఆటోలో వేసుకొని, దాన్ని దించకుండానే మామ నన్ను ఆరాంఘర్ తీసుకెళ్లాడు. కళ్లజోళ్ల షాపతను షామియానా గుంజలు చూసి, "ఎవలింట్ల ఫంక్షనన్నా?" అన్నాడు. "ఇంక డిసైడ్ కాలే" అన్నాడు మామ.

లోపలికెళ్లగానే కుర్చీ వెనక చేత్తో తట్టి చూశాడు. "మంచి కుర్చి" అని వేదవతిగారికి సర్టిఫికెట్ ఇచ్చి కూర్చున్నాడు. చెయ్యి లేచింది.

"తెల్వక అడుగుత మేడమ్. గోలీలు, సూదులు ఉంటయా?"

"ఉండవండి. నేను మందులిచ్చే డాక్టర్ని కాను. అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తాను. కొందరికి రెండూ కావాలి."

"అంటే ఉత్త మాటలే."

"ఉత్త మాటలేనండి."

"మాటలకు గింత దూరం ఎందుకు? మా ఇంట్ల మాటలకు కరువు లేదు."

"మీ ఇంట్లో మాటలు అందరివీ కదండీ. ఇక్కడ ఆ సమయమంతా జూలీగారిదే."

మామ ఆలోచించాడు. "కరెక్టే. మా ఇంట్ల నాయే ఎక్కువ." మళ్లీ చెయ్యి. "వారంల మూడు దినాలెందుకు? ఒక్క దినమే గట్టిగ మాట్లాడితే పని ఒడువదా, అయిపోదా?"

"మధ్యలో ఎడం ఎక్కువైతే, వచ్చినప్పుడల్లా ఆ వారం కబుర్లతోనే సమయం అయిపోతుంది. లోపలి సంగతి దాకా వెళ్లలేం."

"అంటే మా షామియానా లెక్క. ఒక్క గుంజ మీద నిలవడది."

"అలా కాదండి..." అని, ఒక క్షణం ఆగి, "సరే, అలాగే అనుకోండి" అంది.

నేను కుర్చీలో కుంచించుకుపోతున్నాను. కానీ ఆమె విసుక్కోలేదు. అది చూసి నేను కాస్త నిటారుగా కూర్చున్నాను.

"పిచ్చి ఉన్నోళ్లకేనా ఇది?"

"కాదండి. అలాగని అందరికీ అవసరమూ లేదు. నిన్నామొన్నా వచ్చిన కష్టానికి నాలుగుసార్లు మాట్లాడితే చాలు. ప్రాణం తీసుకోవాలన్నంత బాధలో ఉన్నవాళ్లను ముందు ఆ గండం దాటించాలి. ఇంత లోతుకు వెళ్లేది తరువాతి సంగతి. ఒకే గొడవ వేషం మార్చుకొని ఏళ్ల తరబడి తిరిగి వస్తుంటే, అదెందుకొస్తోందో తెలుసుకోవాలని ఆ మనిషికే ఉంటే, అప్పుడు దీని గురించి ఆలోచించవచ్చు. అన్ని రోజులు వచ్చిపోయే వీలుండాలి. నేను నచ్చాలి."

"మీరు నచ్చకుంటే?"

నేను కళ్లు మూసుకున్నాను.

"చెప్పేయాలండి. ఇంకొకరి పేరు నేనే ఇస్తాను."

"మాట్లాడుతుంటే బాధ ఇంక ఎక్కువైతే?"

"కొన్నాళ్లు ఎక్కువ కావచ్చు. కాదంటే అబద్ధం చెప్పినట్టే. మరీ ఎక్కువైతే నిదానిస్తాం."

"నయమైతదని రాసిస్తరా?"

"రాసివ్వలేనండి. కొన్ని నెలలయ్యాక ఏమైనా మారిందా అని ఇద్దరం కూర్చుని చూసుకుంటాం. మారకపోతే దారి మారుస్తాం."

ఫీజు సంగతి కూడా ఆయనే అడిగాడు, నా జీతానికి తగ్గట్టు ఆమే తగ్గించి చెప్పింది. ఆ తరువాత మామ నా వైపు ఒకసారి చూసి, ఎందుకో చెయ్యి ఎత్తకుండానే మెల్లగా అడిగాడు.

"నడిమిట్ల బంద్ జేస్తే మీరు ఒర్రుతరా మేడమ్?"

"ఒర్రడమంటే?"

"అరుసుడు."

వేదవతిగారు ఈసారి ఆయనకు కాక నాకు జవాబు చెప్పింది. "అరవనండి. మానేయాలనిపిస్తే వచ్చి ఆ మాటే చెప్పండి. నా మీద కోపమొచ్చినా అంతే, మానేయకుండా వచ్చి కోప్పడండి. అదీ ఇక్కడ మాట్లాడుకునే సంగతే."

అప్పటిదాకా ఒళ్లో బిగించి పట్టుకున్న బ్యాగును తీసి కింద పెట్టాను.

"ఇప్పుడు నాదొక మాటండి మత్తయ్యగారూ" అంది ఆమె. "జూలీగారు ఇందులో చేరితే, ఇంటికొచ్చాక ఏం మాట్లాడావు, ఏం చెప్పింది అని మీరు అడగకూడదు."

మామ ముఖం పాలిపోయింది. "అసలుకేనా?"

"అసలుకే."

"ఒక్కటి కూడ?"

"ఒక్కటి కూడా. ఆవిడ తనంతట తాను చెప్తే వినండి."

"తిన్నవా అని అడగొచ్చా?"

"అడగొచ్చు."

మామ పెద్ద నిట్టూర్పు విడిచాడు. నీళ్లు ముట్టకుండా ఉండమన్నా అంత బాధపడేవాడు కాదు. "సరే మేడమ్. ఇగ నేను బయట కూసుంట. మీరు మాట్లాడుకోండ్రి" అని లేచి వెళ్లి, తలుపు తానే దగ్గరికి వేశాడు.

తిరిగి వస్తుంటే ట్రాలీ ముందు సీట్లో ఆయన పక్కన ఇరుక్కుని కూర్చుని అడిగాను. "మామా, నా మనసుల ఉన్నయన్నీ నీకెట్ల తెలిసినయ్?"

"నీ మొకం సూసిన. నువ్వు అడుగుదామని నోరు తెరుస్తవ్, మళ్ల మూస్తవ్. నువ్వు మూసినప్పుడల్ల నేనొకటి అడిగిన. కొన్ని తప్పు కూడ అడిగి ఉంట."

లారీ ఒకటి హారన్ కొడుతూ దాటిపోయింది. నాకు ఇంకేదో గుర్తొచ్చింది.

"విమానంల బెల్టు విప్పుడు నీకు నిజంగ రాదా?"

"ఎందుకు రాదు? ఇన్నేండ్లు డీసీఎం లారీ నడిపినోన్ని. పక్కన ముసలామెను సూసినవా? చేతులు గజగజ వణుకుతున్నయ్. ఆమె అడగది. అడిగితే అందరు నవ్వుతరని భయం." మామ గేరు మార్చాడు. "నన్ను చూసి ఎట్లయిన నవ్వుతరు. ఇంకోసారి నవ్వితే ఏమైతది?"

"మరి పెండ్లిల? నీ వెనక నిలబడ్డ ఆ జంటల కోసమే కాయితం సంగతి అడిగినవా?"

"ఏ జంటలు?" అన్నాడు మామ. "గది నా డౌటే."

నేను వారంపాటు ఆలోచించుకున్నాను. అన్నిరోజులూ మామ "ఏం డిసైడ్ చేసినవ్?" అని అడగలేదు. అది కూడా నిషేధంలోకే వస్తుందని ఆయనే తీర్మానించుకున్నాడు. నన్ను చూడగానే చెయ్యి సగం లేచేది, ఆ చేత్తోనే తల గోక్కునేవాడు. అత్త చూసి, "పేన్లు పడ్డయా ఏంది?" అంది.

చేరుతున్నానని నేనే చెప్పాను. ఎవరో చెప్పారని కాదు. ఇంకో రాజీనామా టైపు చేయాలని లేక. అడిగితే జవాబు దొరికే చోటు ఒకటుందని నా కళ్లతో చూశాను గనక.

అప్పటి నుంచి మామకు కష్టకాలం మొదలైంది. సాయంత్రం నన్ను తీసుకురావడానికి వచ్చి, అడగదగిన ప్రశ్నలన్నీ ఒక్కపెట్టున అడిగేవాడు. "తిన్నవా? నీళ్లు తాగినవా? ఆడ ఫ్యాను తిరుగుతున్నదా? మెట్ల కాడ లైటున్నదా?" అవి అయిపోతే హారన్ కొట్టుకుంటూ నడిపేవాడు. ఇంటికి రాగానే గోదాములోకి వెళ్లి కుర్చీలు తుడిచేవాడు. ఆ నెలల్లో శంషాబాద్ పెళ్లిళ్లలో మా కుర్చీలంత తళతళలాడినవి ఇంకెవరివీ లేవు.

నాకు ఒక్కసారిగా ఏదో అయిపోయిందని చెప్పను. మొదట్లో బాధ పెరిగింది. కొన్ని రోజులు అక్కడ ఊరికే కూర్చుని వచ్చాను. ఒకరోజు మాత్రం కార్గోలో ఫణి సార్ అరుస్తుంటే, లేచి నిలబడి అడిగాను. "సార్, మీకు నా మీద కోపమా, పెట్టె మీద కోపమా?"

ఆయన బిత్తరపోయాడు. "కోపమా? నాకు కోపమేంటమ్మా? నేనెక్కడ అరిచాను?" అన్నాడు, అరుస్తూనే. ఆఫీసంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను కూడా నవ్వాను కానీ, సీట్లో కూర్చున్నాకే.

మొన్న మంగళవారం క్లినిక్ నుంచి దిగి వచ్చేసరికి నా కళ్లు ఎర్రగా ఉన్నాయి. మామ చూశాడు. తిన్నవా అన్నాడు. నీళ్లు ఇచ్చాడు. బండి తీశాడు. కొంతదూరం పోయాక ఇక ఆయన అవస్థ చూడలేక, "మామా, ఒకటి చెప్పాల్నా?" అన్నాను.

"అద్దు బిడ్డా. మేడమ్ అద్దన్నది."

"నాయంత నేను చెప్తే వినొచ్చన్నది."

మామ బండి రోడ్డు పక్కకు తీసి ఆపి, ఇంజను కూడా కట్టేశాడు. "అయితే చెప్పు."

"ఆమె వచ్చే నెల కొన్నిదినాలు సెలవు పెడుతున్న అన్నది. నాకు మస్తు కోపమొచ్చింది. ఒర్రిన."

"ఎవలి మీద?"

"మేడమ్ మీదనే."

"నువ్వా?"

"నేనే. కింద కళ్లజోళ్ల షాపుకు కూడ ఇనిపించి ఉంటది."

మామ నా వైపు పూర్తిగా తిరిగాడు. భయపడుతున్నాడో సంతోషపడుతున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. "మరి... మేడమ్ ఏమన్నది?"

"గురువారం రమ్మన్నది."

మామ స్టీరింగు మీద చేత్తో కొట్టి నవ్వడం మొదలుపెట్టాడు. బండి మళ్లీ తీశాక, సాతంరాయి దాటినా ఆ నవ్వు ఆగలేదు.